అరచేతి మేర

శుద్ధియంత్రపు కిరణం తలుపు పైఅంచు నుండి దిగివచ్చేకొద్దీ అల్యూమినియం మీది పాత మకిలి తెల్లని పొగగా లేచి గొట్టంలోకి పోతోంది. వెనుక మిగిలిన లోహం మసక వెండిలా, కంటికి ఆనని గరుకుతో, రంగు కోసం ఆకలిగొని ఉంది. నాంచారమ్మ తొడుగులు వేసిన చేతులతో దానిని పట్టాల మీద ముందుకు తోసింది.

పర్యవేక్షకుడు పుండరీకం సీసాలోని నీరు చిలకరించాడు. నీరు చుక్కలుగా విడిపోక తెరలా పరుచుకుంది.

"శుద్ధి. ఆరాక రంగుకు పంపు. ముట్టుకోకమ్మా."

"మడి సంగతి నాకు చెబుతావా బాబూ?"

రంగంటే శ్రవణవర్ణం. అది పట్టిన తలుపు వెనుక ఏ చప్పుడైనా ఊరిని ఏలే ధర్మపీఠానికి చేరుతుంది. రవంత నూనె అడ్డుపడి పొర తెగిందా, తలుపంతా చెవిటిదే. అందుకే ఇంత శుద్ధి. అందుకే లోహాన్ని మైలపరచినవారికి ఉరి.

తలుపు మూలనున్న గుర్తు చూసి ఆమె చేతులు ఆగాయి. పడమటి వీధి, చివరి ఇల్లు. అక్క సుభద్రమ్మది.

ధర్మపీఠం ఉరితీసినవారి కోసం ఏడవడం ద్రోహం. కొడుకును ఉరితీసిన నాటి నుండి సుభద్రమ్మ రోజూ సంధ్యవేళ దీపం పెట్టి, కొంగు నోట కుక్కుకొని ఏడుస్తుంది. పొరుగువారికి వినబడని ఆ ఏడుపు ఈ రంగుకు వినబడుతుంది.

"తలుపు మారుస్తున్నారే అక్కా, ఇక ఏడవకు" అని నిన్ననే నాంచారమ్మ బతిమాలింది.

"కడుపుకు తలుపెక్కడుందే, మూసుకోవడానికి?" అంది అక్క.

నీరు ఆరింది. నాంచారమ్మ కుడిచేతి తొడుగు తీసింది. పొద్దున ఆముదం రాసుకున్న జుట్టును ఒకసారి నిమురుకొని, ఆ అరచేతిని లోహానికి అదిమింది. శుద్ధమైన వెండి మీద చేతి మేర చిన్న నీడ నిలిచింది.

పుండరీకం చూశాడు. సీసా అతని చేతిలోనే ఉంది. మళ్లీ చిలకరిస్తే నీరు చుక్కలై ఆమెను పట్టిస్తుంది.

"తొడుగేదమ్మా?"

"చెమట పోసింది బాబూ."

అతడు చాలాసేపు ఆ నీడనే చూశాడు. పిదప సీసా మూత బిగించాడు.

"పెద్దదానివి. నీ మడి నీకే తెలియాలి."

తలుపు రంగుగదిలోకి పోయింది. కిరణం కింద నుండి మరొకటి వచ్చింది. ఆ గుర్తు ఎవరి ఇంటిదో, లోపల ఎవరు ఏడుస్తారో ఆమెకు తెలియదు. పుండరీకం నీరు చిలకరించి, ఆరేదాకా ఆగి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నాంచారమ్మ రెండో తొడుగు కూడా తీసి, జుట్టులోకి చేయి పోనిచ్చింది.