జున్ను కంపెనీ

ఆదివారం తెల్లవారేసరికే రామ్మూర్తి గేదెల శాలలో ఉన్నాడు. మూడు రోజుల కిందట ఈనిన గేదె పొదుగు నిండుగా ఉంది. దూడకి విడిచి, మిగిలిన పాలు పితికి, స్టీలు క్యానులో పోసి, మూత బిగించి తడి గోనెగుడ్డ చుట్టాడు. చోడవరంలో ఆ వీధిలో ఎవరింట గేదె ఈనినా నలుగురికీ జున్నుపాలు పంచుతారు. రామ్మూర్తి మాత్రం నాలుగేళ్ళుగా ఆ పద్ధతి పక్కన పెట్టేశాడు. అతని కూతురు గౌతమి విశాఖపట్నంలో జున్ను కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. ఇంక పక్కింటి వాళ్ళ సంగతి ఎవరికి కావాలి?

ఇన్నాళ్ళూ క్యాను బస్సు డ్రైవరు చేతికిచ్చి కూతురికి పంపేవాడు. ఈసారి తానే బయల్దేరాడు.

"ఎండలో మీకెందుకండీ? డ్రైవరుకిచ్చీండి," అంది భార్య తాయారు, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"దానికి సెప్పకు. సెప్పకుండా ఎల్తాను. వాళ్ళ ఆఫీసరు మన పాలు ఓసారి కళ్ళారా సూడాల."

"పోనీ వచ్చే వారం..."

"వచ్చే వారానికి ఇవి మామూలు పాలైపోతాయే."

తాయారు పక్కకి తప్పుకుంది.

బస్టాండు టీకొట్టు దగ్గర సత్యారావు కనిపించాడు. వరసకి బావ, వేళాకోళానికి ముందుంటాడు.

"ఏటి బావా, మళ్ళీ జున్ను కంపెనీకేనా?"

"ఆళ్ళ కాడ రెండేళ్ళు నిలవున్న జున్ను ఉంటాదట. దేశదేశాల నుంచి తెప్పిస్తారట."

"రెండేళ్ళా? మా ఇంట్లో రెండో రోజుకే పిల్లి కూడా ముట్టదు."

రామ్మూర్తి నవ్వేసి బస్సెక్కాడు. దారి పొడుగునా క్యాను ఒళ్ళోనే పెట్టుకున్నాడు. కండక్టరు కింద పెట్టమన్నా పెట్టలేదు.

గౌతమి ఎప్పుడో ఇచ్చిన కార్డు మీద అడ్రసు ఆటోవాడికి చూపించి బీచి రోడ్డులో దిగాడు. కంపెనీ అంటే పెద్ద గేటూ, పాల లారీలూ ఉంటాయనుకున్నాడు. అక్కడున్నది అద్దాల గోడల హోటలు. వాచ్‌మన్ లోపలి హాలు వైపు చెయ్యి చూపించాడు. తలుపు ఓరగా తీసి ఉంది. పొడుగాటి బల్ల చుట్టూ ముప్పైమంది దాకా కూర్చున్నారు. చెక్కపలకల మీద పసుపుపచ్చవీ, తెల్లవీ ముక్కలున్నాయి. ఒకదానికి నీలంగా బూజు కూడా పట్టింది. ఇది హాలెండుది, అది ఫ్రాన్సుది అని బల్ల చివర నిలబడి గౌతమి చెబుతుంటే ముప్పైమందీ నోరు మెదపకుండా వింటున్నారు. రామ్మూర్తికి గర్వంతో గుండె నిండిపోయింది. కాస్సేపట్లో ఆపుతుందిలే, అప్పుడు లోపలికెళ్దాం అనుకున్నాడు.

అంతలో చిన్న చిన్న గ్లాసులు వచ్చాయి.

"ఇది బెల్జియం బీరు," అంది గౌతమి. గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసింది, వాసన చూసింది, గుటకెడు నోట్లోకి తీసుకుని కళ్ళు మూసుకుంది. "వెంటనే మింగకండి. నాలిక మీద కాస్సేపు ఉండనివ్వండి. ముందు చేదు తెలుస్తుంది. వెనకాలే కమలాపండు తొక్క వాసన వస్తుంది."

రామ్మూర్తి వెనక్కి వచ్చేశాడు. క్యాను వాచ్‌మన్ చేతిలో పెట్టాడు.

"గౌతమి మేడంకి ఇచ్చీ బాబూ."

"ఎవరిచ్చారని చెప్పాలి?"

"పాలోడని సెప్పు."

అతను ఎందుకలా వెనక్కి వచ్చేశాడో తెలియాలంటే ఎనిమిదేళ్ళ కిందటి మాట ఒకటి చెప్పాలి. అప్పట్లో రామ్మూర్తి తాగుబోతు. బీరో, బ్రాందీయో, సారాయో, ఏది దొరికితే అది. గౌతమి హోటల్ మేనేజ్‌మెంటు చదువుకి వెళ్ళాల్సిన రోజు పెట్టె సర్దుకుని నట్టింట్లో కూర్చుంది. "నా తల మీద చెయ్యేసి ఒట్టెయ్యి. మందు ముట్టనని చెప్పు. లేకపోతే నేను వెళ్ళను," అంది. రామ్మూర్తి చెయ్యి వేశాడు. ఆ రోజు నుంచి పెళ్ళిలో ముట్టలేదు, చావులో ముట్టలేదు. మత్తుంటుందని ఎవరో అంటే దగ్గుమందు కూడా పారబోశాడు. తాగితే తన బిడ్డ తల పగులుతుందని నమ్మిన మనిషి. ఆ బిడ్డే ముప్పైమంది ముందు గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకుంటే అతనికి ఎలా ఉంటుంది?

మూడు గంటలకి ఇల్లు చేరాడు. వడ్డించిన కంచం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు.

"నీకు తెలుసా?" అన్నాడు.

తాయారు కొంగుతో ఆరిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది. "పోయినేడు తెలిసింది. మీకు సెప్పొద్దని ఒట్టేయించుకుంది."

"ఈ ఇంట్లో ఒట్లకేటి కొదవ," అని కంచం తోసేసి లేచాడు. పొద్దుగూకే దాకా శాలలోనే ఉన్నాడు.

మర్నాడు మొదటి బస్సుకే గౌతమి దిగింది. వాచ్‌మన్ ఇచ్చిన క్యాను చూసి ఎవరొచ్చి వెళ్ళారో పోల్చుకున్నప్పటి నుంచీ నిద్రలేక కళ్ళు వాచి ఉన్నాయి. నట్టింట్లో మంచం మీద కూర్చున్న తండ్రి ఆమె వైపు చూడలేదు.

"నాన్నా, అది తాగడం కాదు. రుచి చూడ్డం."

"నేనూ రుచి సూడ్డంతోనే మొదలెట్టేను."

"చీజ్‌కి తెలుగు పుస్తకాల్లో జున్ననే రాస్తారు. నేను అబద్ధం చెప్పలేదు నాన్నా. నువ్వే జున్ను కంపెనీ అన్నావు, నేను కాదనలేదు."

"సగం సెప్పేవు. నేనూ అంతే సెప్పేవోడిని. తాగొచ్చినప్పుడల్లా చెరకు బండి లేటయ్యిందని మీ అమ్మకి సెప్పేవోడిని. నిజంగానే లేటయ్యేది. మిగతా సగం సెప్పేవోడిని కాదు." రామ్మూర్తి గొంతు పెంచలేదు. "మరి నాలుగేళ్ళు పంపిన పాలేటి చేసేవు? మీ ఆఫీసరు మెచ్చుకున్నాడన్నావే?"

గౌతమి తల దించుకుంది. "రూములో ఫ్రెండ్సూ నేనూ వండుకుని తినేవాళ్ళం."

"ఊళ్ళో అందరికీ సెప్పుకున్నాను. సత్యారావు ఎంత నవ్వినా పడ్డాను."

"నువ్విలా బాధపడతావనే చెప్పలేదు. ఇందులో తప్పేముంది నాన్నా? వారానికి నాలుగు గుటకలు. నేనెప్పుడూ తూలలేదు, ఎవరినీ కొట్టలేదు. నువ్వు మానేసి ఎనిమిదేళ్ళయింది. ఆ గొడవ అప్పుడే అయిపోయింది కదా?"

రామ్మూర్తి లేచి చొక్కా తొడుక్కున్నాడు. "అయితే నా ఒట్టూ అయిపోయినట్టే. ఎవరి తల మీద ఏసేనో ఆ మనిషే తాగతంది. ఇంక నన్నాపడానికేటుంది?" గుమ్మం వైపు నడిచాడు. బొత్తాలు పెట్టుకోవడానికి కూడా ఆగలేదు.

తాయారు అడ్డం వచ్చింది, మొగుడికి కాదు, కూతురికి ఎదురుగా.

"అయిపోయిందని నీకెవులు సెప్పేరే? నువ్వు పెట్టె పట్టుకుని ఎల్లిపోయేవు. అయిపోనిది నేను సూసేను. సాయంత్రం అయిదయితే సాలు, మీ నాన్నకి చేతులాడవు. కడిగిన గేదెనే మళ్ళీ కడుగుతారు. బ్రాందీ కొట్టున్న వీధి ఒగ్గీసి ఊరంతా సుట్టు తిరిగొస్తారు. ఒక్క రోజు కాదు, రోజూ. నీకు ఫోన్లో సెప్పబోతే వద్దనేవోరు. సదువుకునే గుంట, దిగులెట్టుకుంటాది అనేవోరు."

గౌతమి తండ్రి చేతుల వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఆమె సాయంత్రం పూట ఆ చేతుల్ని చూడలేదు. పండక్కి వచ్చేది, మధ్యాహ్నం తిని, అయిదు కాకుండానే బస్సెక్కి వెళ్ళిపోయేది.

రామ్మూర్తి గడప మీద కూలబడ్డాడు. "ఒట్టేసింది నేనొక్కడినే. కానీ నాతో నువ్వూ ఉన్నావనుకున్నాను. మా గుంట అక్కడుంది, నేనిక్కడున్నాను, ఇద్దరం కలిసి ఈ బాధ పడతన్నాం అనుకున్నాను. నిన్న సూస్తే నేనొక్కడినే ఉన్నాను."

గౌతమి వెళ్ళి అతని పక్కనే గడప మీద కూర్చుంది.

"అదెలాగుంటాది?" అన్నాడు రామ్మూర్తి ఉన్నట్టుండి.

"ఏది?"

"నీ గ్లాసులోది. ఇరవయ్యేళ్ళు తాగేను గానీ రుచేటో నాకు తెల్దు. గొంతు దిగితే సాలనుకునేవోడిని. నువ్వు కళ్ళు మూసుకుని ఏటేటో సెప్పేవు. సెప్పు, ఇంటాను."

గౌతమి తటపటాయించింది. కానీ అడిగింది నాన్న. పైగా తన పని గురించి అతను అడగడం ఇదే మొదలు. మెల్లగా మొదలుపెట్టింది. "ఐర్లాండుది నల్లది ఒకటుంటుంది నాన్నా. బెల్లం పాకం అడుగంటితే ఒక వాసనొస్తుంది చూడు, అలా ఉంటుంది. వెనకాల కాఫీ చేదు. పక్కన రెండేళ్ళ చీజ్ ముక్క కొరికితే ఆ చేదు మెత్తబడుతుంది. ఉప్పు పైకొస్తుంది. అప్పుడు ఇంకో గుటక తీసుకుంటే, మొదటి దానికన్నా..."

ఆమెకి అలవాటైన మాటలు. చెబుతూ చెబుతూ హాల్లో ఉన్నట్టే కళ్ళు మూసుకోబోయింది.

"సాలమ్మా," అన్నాడు రామ్మూర్తి. "ఇంక సెప్పకు."

గౌతమి చూసింది. తండ్రి రెండు చేతులతో గడప అంచు పట్టుకుని ఉన్నాడు. నోట్లో ఏమీ లేకుండానే గుటకలు వేస్తున్నాడు. వారం వారం ఆ మాటలకి ముప్పైమంది నోళ్ళూరి నవ్వుతారు. ఈ మనిషికి అవి ఏం చేస్తాయో ఆమెకి ఇప్పుడు తెలిసింది.

"నాన్నా, నేను మానేస్తాను," అంది ఏడుస్తూ.

"మానకు. నేనది అడగనేదు. అది నీకొచ్చిన విద్య, నాకబ్బనిది. నాకు ముందే సెప్పుంటే కోపగించుకునేవోడిని, తర్వాత ఊరుకునేవోడిని." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఒకటడుగుతాను. నిన్నెప్పుడూ ఏటీ అడగనేదు. ఈయాల సాయంత్రం దాకా ఉండగలవా? ఈయాల నామీద నాకు నమ్మకం నేదు."

గౌతమి ఫోను తీసింది. మధ్యాహ్నం ఇంకో బృందం వస్తుంది. మేనేజరు రెండుసార్లు ఫోను చేసి ఉన్నాడు.

"సార్, ఈరోజు రాలేను. రేపు కూడా రాకపోవచ్చు."

అవతల నుంచి అతను ఏదో అడిగాడు. గౌతమి తండ్రి చేతిని తన ఒళ్ళోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

"మా నాన్న మందు మానేస్తున్నారు సార్. నేను దగ్గరుండాలి."

మానేశాడని కాదు, మానేస్తున్నాడని ఇంకొకరు పైకి అనగా ఎనిమిదేళ్ళలో మొదటిసారి విన్నాడు రామ్మూర్తి. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, వీధిలో ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా ఏడ్చాడు.