పోపులో వెయ్యని ఆవ

"పడవ తిరగబడితే ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

పుష్పకుమారి ఈ మాట అనేటప్పటికి పడవా లేదు, నీళ్లూ లేవు. అనకాపల్లిలో సొంత వంటింట్లో నిలబడి పులిహోర డబ్బాకెత్తుతోంది. కూతురు సుజి నవ్వింది. మొగుడు దేవప్రసాద్ పేపరు తిరగేసేడు. వాకిట్లో కారు తెచ్చి నిలబెట్టిన కుర్రాడు రోనాల్డ్ మాత్రం తలెత్తి ఒకసారి కిటికీ వైపు చూసేడు. ఆ ఇంట్లో ఆవిడ ప్రశ్నలకి జవాబులు ఆగిపోయి చాలా ఏళ్లయింది.

"అయినా అరగంటలో వచ్చే కొండకర్లకి రాత్రి పడుకోడానికి ఎల్లడమేటే? మనింట్లో మంచాలు విరిగిపోయేయా?"

"గెటవే అంటారమ్మా దాన్ని."

"ఏ దొంగతనం చేసేమని పారిపోడానికి?"

రోనాల్డ్‌ది సికింద్రాబాద్. వాడి ఉద్యోగం నలుగురిలో చెప్పుకోడానికే పుష్పకుమారికి నామోషీ. చెరువు పక్కనుండే చిన్న చిన్న ఊళ్లకి వెళ్లి, ఒక రాత్రి పడుకుని, లేచి, ఎలా పడుకున్నాడో ఫోన్లో లోకానికి చెబుతాడు. దానికెవరో జీతం కూడా ఇస్తారట. పేజీ పేరు ‘ఒక్క రాత్రి’. మీ అల్లుడేం చేస్తాడని చర్చిలో అడిగితే ఆ పేరు నోటితో చెప్పాలా?

సుజికి వాడు తగులుకున్న వైనం ఇంకా ఘనంగా ఉంటుంది. పోయినేడు కొండకర్ల ఆవ వచ్చి, గట్టు మీద నిలబడి వీడియో పెట్టేడు. "చెరువు సూపర్ ఫ్రెండ్స్. కానీ ఆవ పంట మాత్రం ఎక్కడా కనబడలేదు" అని. ల్యాబ్‌లో రక్తం సీసాల మధ్య కూచున్న సుజి దాని కింద రాసింది: "ఆవ అంటే ఆ చెరువే సార్. పోపులో వేసుకునేది కాదు. తెలుగు నేర్చుకుని రండి."

"నేర్పుతారా?" అని వాడు.

"మొద్దులకి నేర్పను" అని ఇది.

అలా ఎనిమిది నెలలు దెబ్బలాడుకుని, చివరికి ఇది తల్లి దగ్గరికొచ్చి చెప్పింది. "ఒక రోజు మాతో రా. మనిషిని చూడు. నువ్వు వద్దంటే వద్దు. మళ్లీ ఆ పేరెత్తను."

సుజి అన్నమాట మీద నిలబడే పిల్ల. అందుకే మొగుణ్ణి ఇంటి దగ్గర వదిలి పుష్పకుమారి బయల్దేరింది. వద్దు అనే మాట పులిహోరతో పాటే సర్దుకుంది.

లాడ్జి వాళ్లు ‘లేక్ వ్యూ’ అని ఇచ్చిన గది కిటికీ తీస్తే నీళ్ల ట్యాంకు కనిపించింది.

"నీళ్లే కదా" అంది పుష్పకుమారి, రోనాల్డ్ వినేలా. "ట్యాంకు ఎక్కి చూస్తే సరస్సు కూడా కనబడుద్దేమో. ఎన్ని స్టార్లు ఇస్తావు బాబూ?"

"ఒకటి ఆంటీ. అదీ మీ పులిహోరకి."

సుజి ఫక్కున నవ్వింది. పుష్పకుమారి నవ్వలేదు. వాడికి మాటలు వచ్చు. మాటలొచ్చినవాళ్లతోనే భయం.

మర్నాడు పొద్దున్నే దోనె ఎక్కేరు. రెండు తాటిమొద్దులు తొలిచి, పక్కపక్కనే బిగించి కట్టింది. నడిపే ముసలాయన పేరు పైడితల్లి. గెడ వేస్తూ ఆవిడ మొహం చూసి అన్నాడు. "బయపడకమ్మా. ఒంటి మొద్దైతే తిరగబడద్ది. జంట కట్టేసినాక మరి పడదు."

"ఈ డైలాగుకి నీకెంతిచ్చేడయ్యా ఈ అబ్బాయి?"

పైడితల్లికి అర్థం కాలేదు. సుజి మొహం తిప్పుకుంది.

తామరాకుల మధ్యకి వచ్చేసరికి చినుకు మొదలైంది. ఆకుల మీద నీటి బొట్లు గుండ్రంగా దొర్లుతున్నాయి. ఫోన్లో లోకానికి చూపించాల్సిన మనిషి ఫోనే తియ్యలేదు. రెండు చేతులా దోనె అంచు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూచున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

"ఏటే, వీడికేటైంది?"

"ప్రార్థన చేసుకుంటున్నాడు. ఈత రాదమ్మా. ఇన్ని చెరువులు తిరిగేడా, ఒక్కసారీ పడవెక్కలేదు. గట్టు మీంచే సూపర్ అంటాడు."

"దొంగ వెధవ" అంది పుష్పకుమారి, కాస్త ముచ్చటగానే. "మరివాళెందుకెక్కేడు?"

"నువ్వెక్కుతున్నావని."

అప్పుడు చూసిందావిడ. లైఫ్ జాకెట్ ఆవిడకి మూడు బకిళ్లూ బిగించి, లాగి చూసి మరీ పెట్టేడు. సుజికీ అంతే. తనది మాత్రం ఒడ్డునే మర్చిపోయి వచ్చేడు.

గాలికి దోనె కాస్త ఊగింది. "తిరగబడితే ఎవరికి ఫోన్ చెయ్యాలి తండ్రీ" అని గొణుక్కుంది, ఎవరూ వినరన్న ధైర్యంతో.

రోనాల్డ్ ఒక కన్ను తెరిచేడు. ఒక చెయ్యి అతికష్టమ్మీద అంచు వదిలించుకుని, జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసేడు. అందులో మడత కాగితం. పైడితల్లి కొడుకు నంబరు, దగ్గర్లో ఆసుపత్రి నంబరు, అంబులెన్సు, దేవప్రసాద్ నంబరు. పెద్ద పెద్ద అక్షరాల్లో, కళ్లజోడు లేకుండా చదువుకునేలా.

"నిన్న ఇంటి దగ్గర అడిగారు కదా ఆంటీ. రాత్రి రాశాను. మీ దగ్గరుంచండి. నేను మునిగితే నా జేబులో ఉండి లాభం లేదు."

"మరి నేను మునిగితే నా పరిస్థితేంటి?" అంది సుజి.

"నీకు నోరుంది కదా. దాంతో తేలుతావు."

పుష్పకుమారి కాగితం చదివింది. ఇరవయ్యారేళ్ల కాపురంలో ఆవిడ భయానికి ఎవరైనా జవాబు రాసివ్వడం ఇదే మొదలు. తనకన్నా పిరికివాడు లోకంలో ఉన్నాడన్నమాట. వాడే తన కూతురి కోసం నీళ్ల మధ్యకొచ్చి, కళ్లు మూసుకుని కూచున్నాడు.

వాడు రెండో కన్ను కూడా తెరిచేడు. అంచు మళ్లీ గట్టిగా పట్టుకున్నాడు, నీళ్లకి భయపడో ఆవిడకి భయపడో.

"ఒకటడగాలి. మిమ్మల్ని ఇకనుంచి అత్తయ్యా అని పిలవచ్చా ఆంటీ?"

సుజి తల్లి వైపు చూసింది. పైడితల్లి కూడా గెడ నెమ్మదిగా వేసేడు.

ఆవిడ ఒడ్డుకేసి చూసింది. తామరలు దాటేరు. చినుకు ఆగిపోయింది. తెల్ల కొంగొకటి ఎగిరి ఇంకో చోట వాలింది. ఆవిడ కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టి, కవర్లో దోపి, బైబిలుండే చేతిసంచీలో దాచింది. ఒడ్డు దగ్గరైంది. సుజి కళ్లలో నీళ్లు తిరిగేయి. రోనాల్డ్ మెల్లిగా తల దించుకున్నాడు.

దోనె బురదకి తగిలి ఆగింది. పుష్పకుమారి లేవలేదు. ఒడ్డెక్కించమన్నట్టు వాడి ముందుకి చెయ్యి చాపింది.

"ఇంకోసారి ఆంటీ అన్నావంటే," అంది, "ఈ నీళ్లలోకే తోసేత్తాను."