రెండు తీర్లుగా చదివిన ఉత్తరం

రొట్టె ఇంకా పెనం మీద ఉండగానే వలి సాహెబ్ వసారాలోంచి పిలిచాడు. "అమ్మీ, చెయ్యి కడుక్కోని రా. రేవు సంగతి సగంలో ఉండాది."

లాల్ బీ పెనాన్ని తల్లి బీబమ్మకు వదిలి లేచింది. ఆమెకు ఇరవై రెండేళ్ళు. నాలుగేళ్ళుగా ఆమె పొద్దు ఇలాగే మొదలవుతోంది. కర్నూలు బడిలో ఫారసీ చెప్పిన తండ్రికి అప్పట్లోనే చూపు పోయింది. పట్టిన పని మాత్రం పోలేదు. ఒకప్పుడు తుంగభద్రకు ఈవల తెల్లదొరల సీమ, ఆవల నిజాం సీమ. ఆ సరిహద్దున ఏ ఊరు ఎవరి కింద ఉండేది, సుంకం చౌకీలు ఏ రేవుల్లో ఉండేవి, జనం ఎలా బతికారు, ఇదంతా ఆయన చరిత్రగా రాయిస్తున్నాడు. పాత ఫారసీ కాగితాలు చదివేది, ఆయన చెప్పింది రాసేది లాల్ బీయే. ఈ ఏడాదే రెండు సీమలూ ఒకే రాష్ట్రమవుతాయని ఊరంతా అనుకుంటోంది. సరిహద్దును చూసిన ముసలివాళ్ళు పోకముందే పుస్తకం ముగించాలని ఆయన తొందర.

ఆమె పుస్తకం తెరిచి, పుట్టి నడిపే బొజ్జన్న చెప్పిన మాటలు చదివింది. "రజాకార్ల ఏడాది పుట్లు నిలిపేసినారు. మాయమ్మ ఈడ సచ్చిపోయింది. మా యక్కను ఆవలి గట్టు ఊరికిచ్చింటిమి. ఆయమ్మ రాలేకపాయ. ఆవల నిలబడి సితి మంట చూసింది."

లాల్ బీ ఆగిపోయింది.

"ఏమ్మీ, నిలిపితివి?"

"గొంతు ఆరింది అబ్బా."

ఆమె ఆగింది గొంతు ఆరి కాదు. వారం కిందట ఆమె పేరుతోనే ఒక ఉత్తరం వచ్చింది. కడపలో ఆడవాళ్ళ టీచరు ట్రైనింగుకు తండ్రికి తెలియకుండా ఆమె పెట్టిన దరఖాస్తుకు సీటు ఇచ్చారు. ఆ ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా ఆయన ఎదుట కూర్చుని పైకి చదవాలి. ఆ రోజూ ఆయన ఎదురుగానే ఉన్నాడు. రాజంపేటలోని ఆయన స్నేహితుడు రాశాడని చెప్పి, అక్కడేదో పాత శాసనం దొరికిందని కల్పించి చదివేసింది. చేరడానికి ఇంక నాలుగు రోజులే గడువు.

"రాజంపేటాయనకు జవాబు రాయాల. ఆ ఉత్తరం ఇంకోసారి చదువు" అన్నాడు వలి సాహెబ్.

లాల్ బీ కాగితం తీసి, గుర్తున్నంత మేరకు చెప్పుకుంటూ పోయింది. మధ్యలో ఆయన చెయ్యెత్తాడు.

"మొన్న శాసనం చెరువు కట్ట మీద దొరికిందంటివి. ఇప్పుడు గుడి ముందర అంటాండావు. కాగితం మాట మార్చదు. దాంట్లో ఏముండాది?"

దాచడానికి ఇంక చోటు లేదు. ఉన్నది ఉన్నట్టు చదివింది. చివరి వాక్యం కూడా చదివింది: తండ్రి సంతకం లేనిదే చేర్చుకోరు.

వలి సాహెబ్ చెయ్యి చాపి ఆ కాగితాన్ని తడిమాడు. అరుస్తాడనుకుంది. ఆయన మెల్లగా అడిగాడు. "ఈ నాలుగేండ్లలో ఇంకెన్ని ఇట్ల మార్చి చదివితివి? ఎన్ని మార్చి రాస్తివి?"

"ఒక్క అక్షరం మార్చలేదబ్బా. అవి మీవి. ఇదొక్కటే నాది."

"నాతో ఒక మాట అడగల్యా?"

"రెండుసార్లు అడిగినా. పుస్తకం అయినాక చూస్తామంటిరి. అది ఎప్పుడు అయితాదో మీకే తెలీదు. నాకు ఈ వసారా తప్ప ఏం తెలీదు."

బీబమ్మ వంటింటి గడపలో నిలబడింది. ఎప్పుడూ భర్తకు ఎదురు చెప్పని మనిషి. "రెండు సంబంధాలు కూడా పుస్తకం పేరు చెప్పే తిప్పి పంపిస్తిరి. బొజ్జన్న అక్క గోడు విని కండ్లు తుడుచుకుంటిరే, ఇంట్లో దాని గోడు మీకు ఇనపడల్యా?"

ఆయన లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం తానే బయటికి వచ్చి అడిగాడు. "సంతకం యాడ పెట్టాల?"

లాల్ బీ ఆయన వేలిని కాగితం మీద చోటుకు చేర్చింది. సంతకం పెట్టి, ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. బస్సెక్కే రోజు కూడా "భద్రం" అని ఒక్క మాటే అన్నాడు. నమ్మకం పోగొట్టుకుని బయటపడ్డానే అని ఆమె దారి పొడుగునా కుమిలింది.

నెలన్నరకు కడప హాస్టలుకు ఉత్తరం వచ్చింది. ఎవరి చేతా రాయించలేదు, ఆయనే రాశాడు. ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కింది, కొన్ని మాటలు కాగితం అంచు దాటిపోయాయి. లాల్ బీ దాన్ని వెలుతురుకు పట్టుకుని, ఒక్కో అక్షరం విడదీసుకుంటూ మధ్యాహ్నమంతా చదివింది.

"మిషన్ బడి గాబ్రియేలు పంతులు దినామూ వస్తాండాడు. నువ్వు రాసిన నోటు పుస్తకాలన్నీ చదివించినా. ఊరూరి ముసలోళ్ళను మళ్ళా పిలిపించి వాళ్ళు చెప్పింది సరిచూసినా. యాడా తప్పు లేదు. ఆ దినం నిన్ను అడగరాని మాట అడిగితి. తప్పు నాది. పుస్తకం మీద నా పేరు పక్కన నీ పేరు రాయించినా. సెలవులకు రా. పనికి కాదు, ఊరికే రా."

చివరి వరుస దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. లాల్ బీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి చదవసాగింది. ఈసారి పైకి చదివింది.