పదిహేడో పిన్ను పంచాయితీ

కొత్త బోర్డుకు కరెంటు ఇచ్చిన మరుక్షణం అది కప్పలా కూసింది.

ఒకటి రెండుసార్లు కాదు. తెర మీద ఒక్కో లైను పడుతున్నకొద్దీ బెకబెకమంటూనే ఉంది. పక్క బల్ల దగ్గర కూర్చున్న టెస్టింగ్ ఇంజినీరు కప్పు కింద పెట్టి, "వానొచ్చేలా ఉందే" అన్నాడు. గదంతా నవ్వింది. డ్రైవర్ బాబు ఒక్కడే నవ్వలేదు.

ఆఫీసులో అతన్ని అందరూ పిలిచేది అలాగే. అతను నడిపేది బండి కాదు. చిప్పుకూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య మాట కలిపే కెర్నల్ డ్రైవర్లు రాయడం అతని పని. నెలలు నిండకుండా పుట్టిన పసికందులను వెచ్చగా ఉంచే వార్మర్లు తయారుచేస్తుంది ఆ కంపెనీ. కొత్త వార్మర్ మూడు వారాల్లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో పరీక్షకు వెళ్లాలి. ఇక్కడ చూస్తే దాని బోర్డు కప్పయి కూర్చుంది.

దాన్ని అరచేతిలో పెట్టుకుని అతను హార్డ్‌వేర్ గదికి వెళ్లాడు. ఆ బోర్డు గీసిన అమ్మాయి కళ్లకు భూతద్దం తగిలించుకుని టంకం వేస్తోంది. తల ఎత్తలేదు.

"మీ బోర్డు అరుస్తోందండి."

"కరెంటు ఇచ్చారా?"

"ఇచ్చాను."

"మరి బతికే ఉంది. సంతోషించండి."

అతనికి ఒళ్లు మండింది. "పదిహేడో పిన్నుకు అలారం బజర్ కలిపారు. లోపల ఏం జరుగుతోందో చెప్పే సందేశాలు నేను అదే పిన్ను మీంచి బయటికి పంపుకోవాలి. ఒకే పిన్నుకు రెండు పనులు ఎవరైనా పెడతారా?"

ఆమె అప్పుడు తల ఎత్తింది. భూతద్దం వెనక ఆ కళ్లు రెండింతలుగా కనబడ్డాయి. అతను దారి పొడుగునా సిద్ధం చేసుకొచ్చిన తర్వాతి వాక్యం ఎటో పోయింది.

"చిప్పు చేసినవాళ్లే పెట్టారు" అంది. "దానికి కాళ్లు నలభై ఎనిమిది, చెయ్యాల్సిన పనులు డెబ్బై. పొద్దున బడిలో పాఠం చెప్పిన మాస్టారే సాయంత్రం ట్యూషన్ చెప్పడం లేదా? ఎప్పుడు ఏ పని చెయ్యాలో రాసివ్వాల్సింది మీరు. ఏదో ఉంటుందిగా మీకు, కాగితం."

"కాగితం కాదండి. డివైస్ ట్రీ అని ఒక ఫైలు."

"చెట్టో పుట్టో. అందులో రాయండి."

తిరిగొచ్చి ఫైలు తెరిచి, పదిహేడో పిన్నును బజర్‌కు అప్పగిస్తూ ఒక లైను రాశాడు. కసి తీరలేదు. యంత్రం పట్టించుకోకుండా దాటిపోయే వ్యాఖ్య ఒకటి దాని పైన చేర్చాడు: "ఈ పిన్నుకు రెండు పనులు పెట్టిన మహాతల్లికి నమస్కారం." హార్డ్‌వేర్ గదిలో సాఫ్ట్‌వేర్ ఫైళ్లు ఎవరు చదువుతారులే అని అతని ధీమా.

మర్నాడు సవరించిన బోర్డు డ్రాయింగ్ వచ్చింది. పదిహేడో పిన్ను కింద చీమల బారులాంటి అక్షరాలు. కళ్లు చికిలించి చదివాడు. "నమస్కారం అందింది. మేము ఫైళ్లు కూడా చదువుతాం."

అది మొదలు. పొద్దున ఫైల్లో ఒక చురక, సాయంత్రానికి డ్రాయింగులో జవాబు. "భూతద్దం తీస్తే ఈ లోకం కనబడదేమో" అని అతను రాస్తే, "బాగానే కనబడుతోంది, నిన్నటి చొక్కానే ఈ రోజూ వేసుకొచ్చారు" అని ఆమె రాసింది. మర్నాడు ఇంట్లో వాళ్లమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏరా, మనింట్లో ఇస్త్రీపెట్టె ఉందని నీకెవరు చెప్పారు?"

రెండు వారాలు గడిచేసరికి అతనికి హార్డ్‌వేర్ గదిలో రోజుకు నాలుగు పనులు పడసాగాయి. ఒకరోజు స్క్రూడ్రైవర్ కావాలని వెళ్లాడు. ఆమె ఇచ్చింది. ఇస్తూ, "మీ సొరుగులో ఉన్న మూడింటికీ తోడుగా ఉంటుంది" అంది. ఆ పూటంతా అతనికి పని సాగలేదు.

పరీక్షకు ముందురోజు వేడి కొలిచే సెన్సరు తప్పుడు అంకెలు చూపించింది. ఎందుకో తెలియాలంటే సందేశాలు కావాలి. పదిహేడో పిన్నును తాత్కాలికంగా సందేశాల పనికి మార్చాడు. కప్ప కూతలు వినలేక, అవసరం లేని సందేశాలన్నిటి నోరూ నొక్కేశాడు. సెన్సరు దారికొచ్చింది. ఆ సంబరంలో పిన్నును తిరిగి బజర్‌కు అప్పగించడం మరిచేపోయాడు.

మర్నాడు వాన. మేనేజరూ అతనూ యంత్రంతో ఆసుపత్రికి వెళ్లారు. ఆమె రెండో బోర్డు పని మీద ఆఫీసులోనే ఉండిపోయింది. హెడ్ నర్సు వార్మర్‌లో ఒక ప్లాస్టిక్ బొమ్మను పడుకోబెట్టి, వేడి పెంచుతూ పోయింది; హద్దు దాటగానే అలారం మోగాలి. తెర మీద ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై. గదిలో వాన చప్పుడు తప్ప మరేమీ లేదు.

"బొమ్మకు జ్వరమొచ్చింది" అంది హెడ్ నర్సు. "మీ మిషన్ మూగనోము పట్టినట్టుంది. రేపు ఇందులో పిల్లని పడుకోబెట్టమంటారా?"

మేనేజరు మొహం మాడిపోయింది. అతన్ని వరండాలోకి తీసుకొచ్చి, "బజర్ మోగలేదంటే బోర్డులోనే లోపం. ఆ అమ్మాయిని తప్పించి, బయటి కంపెనీతో గీయించేద్దాం. ఏమంటావ్?" అన్నాడు.

అతను అప్పటికే లాప్‌టాప్ తెరిచి చూశాడు. అలారం డ్రైవరు వచ్చి పిన్ను అడిగింది. ఆ పిన్ను సందేశాలకు ఇంతకుముందే ఇచ్చేశాను పొమ్మంది యంత్రాన్ని నడిపే కెర్నల్. ఊరికే తల ఊపితే చాలు, తన మీదికి ఏమీ రాదు.

"బోర్డు బంగారమండి. తప్పు నాది. నిన్న పిన్నును వేరే పనికి వాడి, వెనక్కి ఇవ్వడం మరిచాను."

మేనేజరు గొడుగు విప్పబోయి ఆగాడు. "వచ్చే ప్రాజెక్టుకు నిన్ను లీడ్ చేద్దామనుకున్నాను."

"తెలుసండి."

"ఇక అనుకోను. రేపు మధ్యాహ్నం దాకా గడువు అడుగుతాను. సరిచెయ్."

అతను ఆఫీసుకు చేరేసరికి తడిసి ముద్దయ్యాడు. అతనికన్నా ముందే కబురు చేరింది. ఆమె తలుపు దగ్గరే కాచుకుని ఉంది.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

ఇన్నాళ్ల 'మీరు' ఆ ఒక్క మాటతో 'నువ్వు' అయింది. తిట్ల మధ్యలో కూడా అతను అది గమనించి దాచుకున్నాడు.

"నేనేం చెప్పాను?"

"నా బోర్డు తప్పు నీ నెత్తిన వేసుకున్నావట. నీ జాలి నాకక్కర్లేదు. నా బోర్డుకు అసలే అక్కర్లేదు."

"జాలేమీ కాదు. నిజంగానే తప్పు నాది."

"అబద్ధం."

"ఒట్టు."

"చూపించు."

లాప్‌టాప్ తెరిచి చూపించాడు. జుట్టులోంచి కారే నీళ్లు కీబోర్డు మీద పడుతుంటే ఆమె రుమాలుతో అద్దుతూనే చదివింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. మెల్లమెల్లగా ఆమె మొహం విప్పారింది.

"నిజంగా నీ తప్పే."

"అదేగా మొత్తుకుంటున్నాను."

"చిన్నపిల్లలు కూడా చెయ్యరు ఇంత తప్పు."

"దానికింత ఆనందమా?"

"నాకు బదులు అబద్ధమాడి ఉంటే జన్మలో నీతో మాట్లాడేదాన్ని కాదు" అంది ఆమె, కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంటూ. "ఇప్పుడు రాయి. నేను చెబుతాను."

ఈసారి ఇద్దరూ కలిసి రాశారు. ఒకే పిన్నుకు రెండు స్థితులు, రెంటికీ వేర్వేరు పేర్లు. మామూలుగా ఆ పిన్ను అలారానిదే. మరమ్మతుకొచ్చిన మనిషి యంత్రం వెనక మీట నొక్కి ఆన్ చేస్తేనే సందేశాలది. ఏది ఎప్పుడన్నది ఫైల్లోనే స్పష్టంగా ఉంది కాబట్టి మరిచిపోయే పని లేదు. ఆ పేజీలో ఒక్క చురక కూడా లేకపోవడం ఇద్దరికీ కొంచెం వెలితిగానే తోచింది.

మర్నాడు ఆమె కూడా ఆసుపత్రికి వెంట వెళ్లింది. మధ్యాహ్నం బొమ్మకు మళ్లీ జ్వరమొచ్చింది. యంత్రం వార్డు అదిరేలా అరిచింది. "చాల్లే తల్లీ, వినబడింది" అని హెడ్ నర్సు చెవులు మూసుకుని, కాగితం మీద సంతకం పెట్టింది.

ఆసుపత్రి మెట్లు దిగుతూ అతను నాలుగు మాటలు కూడగట్టుకుంటున్నాడు. ఈలోగా ఆమే అంది.

"ఆదివారం మా ఇంటికి రా. అమ్మమ్మ నిన్ను చూస్తానంది."

"నా గురించి ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను. కెర్నల్ డ్రైవర్ల పని అని." పెదవి చివర నవ్వొకటి దాక్కుంది. అతను దాని సంగతి పట్టించుకోలేదు.

అమ్మమ్మకు డెబ్బై దాటాయి. చెవి కాస్త మందం, వెన్ను మాత్రం నిటారు. ముప్పై ఏళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపి, ఆ సంపాదనతోనే మనవరాలిని చదివించిన మనిషి. అతన్ని కూర్చోబెట్టి, ఎగాదిగా చూసింది.

"కల్నల్ గారు కులాసానా నాయనా?"

అతను మనవరాలి వైపు చూశాడు. ఆమె కిటికీ తెర మీది పువ్వులు లెక్కపెడుతోంది.

"ఏ కల్నల్ గారండి?"

"నువ్వు డ్రైవర్‌గా ఉన్నావే, ఆయన. ఏం బండి ఇచ్చారు నీకు?"

"నాకు బండి నడపడం రాదండి."

అమ్మమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "బండి రాకుండా కల్నల్ దగ్గర ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చావు?" అంది.

కిటికీ దగ్గర నవ్వు కట్ట తెంచుకుంది. సంగతంతా విప్పి చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అమ్మమ్మ ఓపికగా విని తల పంకించింది. "ఉద్యోగం మంచిదే. కానీ నా ఇంటికొచ్చినవాడికి బండి రాదంటే నలుగురిలో నాకు తలవంపులు. లే."

వీధి ఖాళీగా ఉంది. అతను స్టీరింగ్ ముందు, అమ్మమ్మ పక్కన, ఆమె వెనక సీట్లో.

"క్లచ్ తొక్కు. గేరు వెయ్. ఇప్పుడు మెల్లగా వదులు. మెల్లగా అన్నాను."

కారు వెక్కిళ్లు పెట్టి రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కదిలింది. అతను ఊపిరి పీల్చుకునేలోపు అమ్మమ్మ మామూలుగా అడిగింది.

"వెనక కూర్చున్నదాన్ని పెళ్లి చేసుకోవాలని ఉందా?"

కారు ఒక్క గెంతు గెంతి ఆగింది.

"ఉందండి" అన్నాడు ముందు అద్దంతో.

"దానికి చెప్పావా?"

"ఇంకా లేదండి."

"అయితే చెప్పు. బండి ఎలాగూ ఆగే ఉంది."

అతను సీట్లో వెనక్కి తిరిగాడు. చేతులు మాత్రం స్టీరింగును వదల్లేదు. "నువ్వంటే నాకు ఇష్టం. ఆసుపత్రి మెట్ల మీదే చెబుదామనుకున్నాను. మెట్లు అయిపోయాయి."

"నాకూ ఇష్టమే" అంది ఆమె. చెవుల దాకా ఎర్రబడింది.

అమ్మమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "నాకు సమ్మతమే. రేపు మీ అమ్మతో మాట్లాడతాను. ఇక పోనీ."

ఈసారి కారు వెన్నలో కత్తిలా జారి వీధి చివరిదాకా వచ్చింది. అక్కడ దారి రెండుగా చీలింది.

"ఎటు తిప్పమంటారండీ?"

"నన్నెందుకు అడుగుతావు? వెనకున్నదాన్ని అడుగు" అంది అమ్మమ్మ, సీటుకు జారబడి కళ్లు మూసుకుంటూ. "ఇవాళ్టికి నా పని అయిపోయింది."