పన్నెండో ఫారం

కట్ట తెగిన వరదకు అది పదకొండో ఏడు. అప్పటికి బెజవాడలో ఇద్దరు మనుషులు ఒకే పుస్తకం చదవడం మానేసి చాలా కాలమైంది.

మహోదయ ప్రచురణాలయానికి ఏడు అంతస్తులు. నాలుగో అంతస్తులో మనోముద్రకం ఉండేది. చదివేవాళ్లందరి మణికట్టుకూ నాడిపట్టీ ఉంటుంది. పుస్తకం కావాలని అడిగినప్పుడు ఆ పట్టీ కథలో ఉన్న పేర్లూ సంగతులూ చెవిలో వినీ వినబడనంత మెల్లగా వినిపిస్తుంది. ఎక్కడ నాడి ఎగిరిపడిందో ముద్రకానికి చెబుతుంది. ముద్రకం అక్కడ కథను సర్ది, ఆ ఒక్క మనిషి కోసం ఒక్క ప్రతి అచ్చు వేస్తుంది. అట్ట మీద కొన్నవాళ్ల పేరు ఉంటుంది. ఒకరి పుస్తకం ఇంకొకరికి తినేసిన విస్తరితో సమానం. అరువివ్వడం పోయింది. పుస్తకం గురించి అరుగు మీద వాదించుకోవడం కూడా పోయింది.

కుట్టుపని మాత్రం మీరావలీది. నలభై ఏళ్లుగా కింది అంతస్తులో అతని బల్ల అక్కడే ఉంది. ముద్రకం జిగురు వానాకాలం ఊడిపోయేది, అందుకని ఖరీదైన ప్రతులు చేత్తో కుట్టించేవారు. పదహారు పేజీల కాగితం మడిస్తే ఒక ఫారం. ఫారం మీద ఫారం పెట్టి కుట్టి, వెన్నుకు చిత్తు కాగితం అతికించి, ఇనుప బరువు కింద పెడతాడు. మూడో తరగతి దాకా చదివాడు. కూడబలుక్కుని చదవగలడు.

ఆ రోజు పదిన్నరకు ఎడిటరు సౌదామిని స్వయంగా కిందికి వచ్చింది. ముందు గదిలో ఒకావిడ పొద్దుటి నుంచీ కూర్చుని ఉందని, కదలనంటోందని చెప్పింది. చిగురులంక మనిషట. మీదీ ఆ ఊరే కదా, మీరు చెబితే వింటుందేమో అంది.

మీరావలీ సూది బల్లకు గుచ్చి లేచాడు. వరద తర్వాత అతను చిగురులంక వెళ్లలేదు. అతని భార్య జానీబీ మసీదు మిద్దె మీద ఉండగా నీళ్లు తీసుకుపోయాయి. అతను అప్పుడు ఇక్కడ, ఈ బల్ల దగ్గరే ఉన్నాడు. ఊళ్లో పడవలున్నా ఒక్కడూ ఆమె కోసం వెళ్లలేదని ఎవరో చెప్పారు. అది నమ్మి, ఆ ఊరి మనుషులతో మాటలు మానేశాడు.

ముందు గదిలో ఉన్నది తిరపతమ్మ. పడవ నడిపే నాంచారయ్య తల్లి. వరదలో నాంచారయ్య కనబడకుండా పోయాడు. శవం దొరకలేదు. మూడేళ్లు చూసి, దర్భతో బొమ్మ చేసి దినం చేశారు. ఇప్పుడు ఆమె ఒళ్లో గుడ్డసంచీ, దాని మీద పుస్తకం ఉన్నాయి. 'చిగురులంక వరద'. లంక బడి పంతులు బతికినవాళ్లందరినీ అడిగి రాసి, అచ్చు చూడకుండానే పోయాడు.

అతన్ని చూసి ఆమె లేవలేదు. "రా అన్నా. నువ్వయితే చెబుతావు. ఈళ్లు కాఫీలిస్తన్నారు గానీ అడ్రసు చెప్పట్లేదు."

సంగతి ఆమె చెప్పుకొచ్చింది. పుస్తకంలో నాంచారయ్య పడవ బోల్తా పడింది గానీ, అతను దుంగ పట్టుకుని సముద్రం దాకా కొట్టుకుపోయాడు. ఉప్పుకొటార్ల వాళ్లు ఒడ్డుకు లాగారు. తలకు దెబ్బ తగిలి ఊరి పేరు మరిచిపోయాడు. అక్కడే ఉప్పు పోగులు చేస్తున్నాడు. అవి ఏ ఊరి ఉప్పుకొటార్లో పంతులు రాయలేదు. మనవరాలి చేత మూడుసార్లు చదివించుకుంది. ఇల్లు తాళం వేసి వచ్చేసింది. దొరికేదాకా ఒక్కో కొటారూ తిరుగుతుంది.

"కథల పుస్తకాలు మారుస్తారని నాకూ తెలుసు," అంది. "ఇది కథ కాదుగా. పంతులు అబద్ధం రాయడు."

సంచీలోంచి కొత్త చొక్కా తీసి పరిచింది. పోయిన నాటికి ఇరవై ఏళ్లవాడు, ఇప్పటికి భుజాలు ఎంత వెడల్పయి ఉంటాయో అని అతన్నే అడిగింది. మీరావలీ ఆ చొక్కా వైపు చూసి, సౌదామిని వైపు తిరిగాడు.

నడవలోకి వచ్చాక సౌదామిని నెమ్మదిగా ఒప్పుకుంది. పుస్తకం లోపలికి తీసుకునేటప్పుడు నింపే కాగితంలో రెండు గళ్లుంటాయి. ఒకటి సాక్ష్యం, రెండోది కథ. సాక్ష్యం గడిలో టిక్కు పడితే ముద్రకం ఒక్క అక్షరం కదపకూడదు. కానీ అలాంటివి ఎవరూ కొనరు. వరద పుస్తకాన్ని పదిమందీ చదవాలనే ఆశతో ఆమె కథ గడిలో టిక్కు పెట్టింది. చిన్న పెన్సిలు గీత. మూడు వేల ప్రతులు అమ్ముడుపోయాయి. మూడు వేల వరదలు.

"ఒక దారి ఉంది, వలీ గారూ," అందామె. "ఆమెకు రెండో భాగం అచ్చు వేసి ఇద్దాం. అందులో కొడుకు కొటారులో జ్వరంతో పోతాడు, చివర్లో అమ్మా అని పిలిచి. నాడి తట్టుకునేలా ముద్రకమే సర్దుతుంది."

"మళ్లీ చంపుతారా అమ్మా?" అన్నాడు మీరావలీ.



అతను మూలప్రతుల గది తాళంచెవి అడిగాడు. రాసినవాడు రాసింది రాసినట్టు ఒక్క ప్రతి కుట్టి ఆ గదిలో పెట్టడం ఆనవాయితీ. ఎవరూ తెరవరు. పంతులు పుస్తకం మూలప్రతి కుట్టింది మీరావలీయే. కళ్లు పక్కకు తిప్పుకుని కుట్టాడు. అతనికీ ఒక ప్రతి ఉంది, ఇంట్లో. అందులో జానీబీ నీళ్లు రాకముందే నిద్రలో పోయింది. అది ముద్రకం చేసిన మాయ అని తెలిసీ ప్రతి శుక్రవారం ఆ పేజీ చదువుకునేవాడు.

సౌదామిని తాళంచెవి ఇచ్చింది. తను మాత్రం లోపలికి రాలేదు.

తిరపతమ్మను తన బల్ల దగ్గరకు తీసుకొచ్చి స్టూలు వేశాడు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాడు. ఆమె ప్రతిలో కొటార్ల సంగతి నూట ఎనభై మూడో పేజీలో ఉంది. పన్నెండో ఫారం. మూలప్రతిలో అదే పేజీ తెరిచాడు. పంతులు రాసింది ఇది, మిషను వేలు పెట్టనిది, చదవమంటే చదువుతానన్నాడు. ఆమె చొక్కా మడిచి ఒళ్లో పెట్టుకుని, చదవమంది.

వేలు పెట్టి చదివాడు. ఒక్కో మాటా విడిగా పడింది.

"నాంచారయ్య మూడు విడతలు పడవ వేసి పద్నాలుగు మందిని తెచ్చాడు. నాలుగో విడత వద్దని అందరం అన్నాము. మిద్దె మీద ఇంకా మనిషి ఉంది అన్నాడు. తెడ్డు విరిగి ఉంది. వెదురు బొంగు తీసుకుని వెళ్లాడు. మసీదు..."

వేలు ఆగింది. కింది వరసలో ఏముందో అతని కళ్లకు ముందే కనబడింది. ఆ వరస దాటేస్తే ఆమెకు తెలియదు. ఆమెకు చదువు రాదు. ముద్రకం చేసింది కూడా అంతే.

"ఏంటన్నా, అయిపోయిందా?"

"లేదు."

వేలు వెనక్కి తెచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. "మసీదు మిద్దె మీద నుంచి బైండరు మీరావలీ భార్య జానీబీని దించి పడవలో కూర్చోబెట్టడం నేను చూశాను. అప్పుడే పైనుంచి చింత దుంగ వచ్చి కొట్టింది. పడవ తిరగబడింది. అతను ఆమె చెయ్యి వదలలేదు. ఇద్దరూ మళ్లీ పైకి తేలలేదు. ఇది నా కళ్లతో చూసి రాశాను. ఇన్నాళ్లూ అతని తల్లికి చెప్పలేకపోయాను."

పైన ముద్రకం ఆడుతున్న చప్పుడు వినబడుతోంది. తిరపతమ్మ మణికట్టు మీద పట్టీ ఎర్రగా వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది. ఆమె దాన్ని విప్పి బల్ల మీద పెట్టింది.

"నీ ఇంటిదాని కోసమా వాడు వెళ్లింది?"

"నా ఇంటిదాని కోసమే. ఎవరూ పోలేదన్నారు. పదకొండేళ్లు మీ ఊరిని తిట్టుకున్నాను, చెల్లెమ్మా. మీవాడు వెళ్లాడని నాకు తెలియలేదు."

ఆమె అతన్ని ఓదార్చలేదు. తిట్టనూ లేదు. చెయ్యి వదల్లేదన్న చోటు ఎక్కడ ఉందో చూపించమంది. అతను చూపించాడు. ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టి ఉంచింది.

"ఉప్పుకొటార్లకు పోనులే," అంది లేస్తూ. "ఈ కాగితం నాకు కావాలి. మిషను కాగితం వద్దు. ఇదే."

తన పుస్తకం బల్ల మీదే వదిలేసింది. చొక్కా మాత్రం తీసుకెళ్లింది.

మర్నాడు పొద్దున ఆరింటికి, ఇంకా ఎవరూ రాకముందే, మీరావలీ మూలప్రతి కుట్లు విప్పాడు. బైండరు చెయ్యకూడని పని అది. పన్నెండో ఫారం తీసి, తిరపతమ్మ పుస్తకంలో కొటార్ల ఫారం ఉన్నచోట పెట్టి కుట్టాడు. మూలప్రతిలో ఆ చోట పదహారు తెల్ల పేజీలు కుట్టి, మొదటి పేజీ మీద పెన్సిలుతో 'ఈ ఫారం చిగురులంకలో ఉంది' అని వంకర అక్షరాలతో రాశాడు. ఇంటి నుంచి తెచ్చిన తన ప్రతిలోంచి జానీబీ నిద్రలో పోయిన కాగితం చించి, పీలికలు చేసి, తిరపతమ్మ పుస్తకం వెన్నుకు చిత్తు కాగితంగా అతికించాడు. జిగురు ఆరేదాకా బరువు కింద పెట్టి పక్కన కూర్చున్నాడు. ఆరాక, ఇక పనిలోకి రానన్నట్టు తన గేటు పాసు సౌదామిని బల్ల మీద ఉంచి, పుస్తకం తువ్వాలులో చుట్టుకుని, లంక రేవుకు పోయే మొదటి బస్సు ఎక్కాడు.