పెర్సిస్ క్షమించని శనివారాలు

క్రిస్మస్ ఆరాధనలో, చర్చి నిండా జనం ఉండగా, పాట మధ్యలో పెర్సిస్ గొంతు కీచుమంది. కీబోర్డు వాయిస్తున్న అనిల్ కుమార్ రెండో చరణంలో స్కేలు పెంచేశాడు మరి.

"చూసుకోలేదండీ... ఏదో సరదాకి..." అన్నాడు బయటికొచ్చాక.

"చూసుకోలేదా, సరదాకా? ఏదో ఒకటి చెప్పండి బ్రదర్."

"సరదాకేనండీ. క్షమించండి."

"క్షమించను."

అలా మొదలైంది. అనిల్‌కి పెదవేగిలో పామాయిల్ కంపెనీలో ఉద్యోగం. శనివారాలు బండి మీద ఏలూరు దాటి, కొల్లేటి ఒడ్డున ఉన్న పెర్సిస్ వాళ్ళ ఊరికి పాటల ప్రాక్టీసుకు వచ్చేవాడు. ముందు పెర్సిస్ ఇంటి అరుగు దగ్గర ఆగేవాడు, చేతిలో జామకాయల సంచితో.

"ఈ వారమైనా క్షమించారాండీ?"

"లేదు బ్రదర్. కాయలు అక్కడ పెట్టండి."

"క్షమించనప్పుడు కాయలెందుకండీ?"

"మా మామ్మకి. ఆవిడకి మీ మీద కోపం లేదు."

పళ్ళు లేని మామ్మ రత్నమాణిక్యం ఆ గట్టి జామకాయల వంక చూసి నవ్వుకునేది.

చిక్కల్లా నెల మొదటి ఆదివారం వచ్చేది. ఆ రోజు ప్రభువు బల్ల, చర్చిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. మనసులో కోపం ఉంచుకుని రొట్టె తీసుకోకూడదు. పెర్సిస్ రొట్టె పళ్ళేన్ని పక్కకు పంపేసేది. తన మీద ఒకరికి కోపం ఉందని అనిల్ కూడా పంపేసేవాడు. ఊళ్ళో గుసగుసలు బయల్దేరాయి. పెర్సిస్ తల్లికి తల ఎత్తుకోవడం కష్టమైంది.

ఒక శనివారం జోరువానలో తడిసి ముద్దై వచ్చాడు అనిల్. చేతిలో కాయలు లేవు.

"మిజోరంలో కూడా పామాయిల్ తోటలు వేస్తున్నారటండీ. నన్ను పంపిస్తున్నారు. సోమవారం ప్రయాణం."

"చాలా దూరమా?"

"క్షమించని వాళ్ళకి చాలా దూరమేనండీ."

పెర్సిస్ గిరుక్కున లోపలికి వెళ్ళిపోయింది. మామ్మ వెనకే వచ్చింది.

"కోపం పోయి ఎన్నాళ్ళయిందే?"

"ఎప్పుడో పోయింది మామ్మా. పోయిందని చెబితే ఇంక రాడుగా!"

మామ్మ నవ్వలేదు. "మీ తాత మీద అలిగి పలకలేదు నేను. ఆయన పడవేసుకుని కొల్లేట్లోకి వెళ్ళాడు, గాలివాన వచ్చింది. క్షమించానన్న మాట ఇంకా నా నోట్లోనే ఉండిపోయిందే, పిల్లా."

మర్నాడు బల్ల ఆదివారం. రొట్టె విరిచే ముందు అహరోను పాస్టరుగారు, "ఎవరి మీదైనా కోపం ఉంటే ఇప్పుడే సమాధానపడండి," అన్నారు. పెర్సిస్ లేచింది. ఆడవాళ్ళ చాపలు దాటి, నేరుగా మగవాళ్ళ వైపు వెళ్ళి నిలబడింది.

"ఏవండీ, పాట సంగతి క్షమించాను."

అనిల్ చెవులు ఎర్రబడ్డాయి. "అయితే ఇంక నేను మీ ఇంటికి రానక్కర్లేదాండీ?"

"ఎందుకు రానక్కర్లేదు? నన్నొదిలి అంత దూరం పోతున్నారుగా, అది కొత్త తప్పు. దానికి మీ అమ్మగారినీ నాన్నగారినీ తీసుకొచ్చి మా అరుగు మీద అడగాలి."

"సాయంత్రమే తీసుకొస్తానండీ!"

పాస్టరుగారికి దగ్గు ముంచుకొచ్చింది. పెర్సిస్ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియలేదు.

"బ్రదర్ అనలేదు, విన్నారా?" అంది మామ్మ, చర్చంతా వినబడేలా.

పళ్ళెం వచ్చింది. పెర్సిస్ ఇంకా మగవాళ్ళ వైపే ఉంది. తన ముక్క తీసుకుని, పళ్ళేన్ని అనిల్ చేతికి అందించింది.