పడవ ఆగే గడి

విశాఖపట్నంలోని ఒక ల్యాబ్‌లో నూకరత్నం కుర్చీ అంచున కూర్చుని, తెర మీద తగ్గిపోతున్న అంకెనే చూస్తోంది. తొంభై లక్షలు, ఆరు లక్షలు, నలభై వేలు.

“అవేంటి మేడమ్?”

“రూల్స్. మీవారి చదరంగం పావు ఇలా నడుస్తుందేమో, అలా నడుస్తుందేమో అని మెషిన్ మొదట ఇన్ని ఊహించుకుంది. ఇప్పుడు మీ నోటుపుస్తకాల్లోని ఎత్తులు ఒక్కొక్కటే చూసి, వాటికి పొసగని రూల్‌ని కొట్టేస్తోంది. చివరికి మిగిలేదే అసలు రూల్” అంది డాక్టర్ షహనాజ్. కొత్త రకం చదరంగాలు తయారుచేసే వాళ్ల కోసం ఆమె కట్టిన మెషిన్ అది.

నూకరత్నం భర్త అప్పలనర్సయ్య ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేవాడు. చదరంగంలో ఉన్న పావులు చాలవని, అంకుడు కర్రని లేతు మీద తిప్పి తనే కొత్తవి చేసేవాడు. అవి ఎలా నడుస్తాయో మాత్రం భార్యకు చెప్పేవాడు కాదు. “ఆడుతూ ఉండు, నీకే తెలుస్తుంది” అనేవాడు. ఆమె ప్రతి ఎత్తూ రాసుకుని, నెలో రెండు నెలలో పట్టినా కనుక్కునేది. అలా పదిహేడు పావులు కనుక్కుంది. పద్దెనిమిదోది పడవ. దాని నడక ఆమెకు అందకముందే ఆయనకు మతిమరుపు జబ్బు వచ్చింది.

“కూతురి పేరు మర్చిపోయారు. అన్నం తిన్నదీ లేనిదీ గుర్తుండదు. పడవని మాత్రం తడుముకోకుండా నడుపుతారు మేడమ్. అదొక్కటీ ఆయనలో చెక్కుచెదరలేదు. ఆ రూల్ తెలిస్తే, ఆయన ఆలోచన ఇంకా ఎక్కడుందో నాకు తెలిసినట్టే” అంది నూకరత్నం.

అంకె ఒకటి దగ్గర ఆగింది. షహనాజ్ చదివింది.

“పడవ తిన్నగా ఎంత దూరమైనా పోతుంది. కానీ పక్క గడిలో ఏదో ఒక పావు ఉన్నచోటే ఆగాలి. ఒంటరి గడిలో ఆగకూడదు.”

నూకరత్నం చీర కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది. “ఇంత చిన్నదా. నాలుగేళ్లు నాకు తట్టలేదు.”

షహనాజ్ నవ్వలేదు. “ఇది మొదటి ఆరు పుస్తకాల్లో దొరికిన రూల్. మిగతా తొమ్మిదీ విడిగా వేసి చూశాను.”

“వాటిలో వేరే రూలా?”

“ఏ రూలూ లేదు. మెషిన్ ఒక్కటి కూడా మిగల్చలేదు. మూడుసార్లు చూశాను.”

“మరి రోజూ నేనే ఓడిపోయాను కదా మేడమ్.”

“ఆయన పడవని ఎక్కడ పెట్టినా మీరు ఒప్పుకున్నారు. అందుకే ఓడిపోయారు.”

నూకరత్నం తన పదిహేను పుస్తకాలనూ వరుసగా పేర్చింది. ఆరోదానికీ ఏడోదానికీ మధ్య వేలు పెట్టింది. రెండున్నరేళ్లుగా తను ఎవరితో ఆడుతోందో ఆమెకు అప్పుడే అర్థమైంది.

ఆమె అనుమతితో షహనాజ్ ఆ రూల్‌ని అప్పలనర్సయ్య పేరుతో నెట్‌లో పెట్టింది. ఏడాది తిరిగేసరికి పడవ చదరంగం ఎక్కడెక్కడి వాళ్లో ఆడసాగారు. విశాఖలో పోటీ పెట్టి, మొదటి ఆట ఆడమని ఆయన్నే పిలిచారు. నూకరత్నం ఆయనకు ఇస్త్రీ చొక్కా వేసి తీసుకొచ్చింది.

ఆయన పడవని పట్టుకుని, చుట్టూ ఏమీ లేని గడిలో పెట్టాడు. ఎలక్ట్రానిక్ బోర్డు తప్పని ఎర్రగా వెలిగింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ వెలిగింది.

“అక్కడ ఆగకూడదు తాతగారూ. అది రూల్” అంది ఎదుట కూర్చున్న అమ్మాయి మెల్లగా.

ఆయన చిన్నబోయి పక్కనున్న భార్య వైపు తిరిగాడు. “నాకు రావడం లేదండీ. ఎవరు కనిపెట్టారో గానీ చాలా తెలివైనవాడు.”

“మా ఆయనండీ” అంది నూకరత్నం.

“అలాగా. ఈసారి వచ్చినప్పుడు ఆయన్ని తీసుకురండి. దగ్గర కూర్చుని నేర్చుకుంటాను.”